ఆట వేరు, కసరత్తు వేరు

మా మామగారు విజయనగరం జిల్లాలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నా భార్య సుధ ఆయన కూతురు, పైగా ఆయన బళ్ళోనే చదువుకుంది. కాబట్టి ఆ విజిలుకి ఇంట్లోనూ బళ్ళోనూ లేచి నిలబడ్డ మనిషి. ఈ చలికాలం ఆయన ఒట్టావాలో మా ఇంటికి వచ్చారు. ఊళ్ళో తెల్లారకముందే మైదానంలో ఉండే ఆయన ఇక్కడ గుమ్మం దాటడం లేదు. బేస్‌మెంటులో తివాచీ మీద దండాలూ బస్కీలూ తీస్తారు. పైకొచ్చి, పక్కింటివాళ్ళు కారు మీద స్కీలు కట్టుకుని బయల్దేరడం కిటికీలోంచి చూసి తల అడ్డంగా ఊపుతారు. ఓ శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర తండ్రీకూతుళ్ళకి ఈ విషయం మీదే పడింది. విన్నది విన్నట్టు రాస్తున్నాను. ఉండబట్టలేక మధ్యలో నా మాటలు కొన్ని కలిపాను.

సుధ: రేపు కాలవకి వెళ్తున్నాం నాన్నా. పచ్చజెండా ఎగరేశారు. నువ్వూ రావాలి.

మాస్టారు: కాలవ గట్టు మీద షికారా?

సుధ: గట్టు మీద కాదు, కాలవ మీదే. రిడో కాలవ గడ్డకట్టింది.

మాస్టారు: బయట మైనస్ 15. ఇలాంటి చలిలో మనం కుక్కని కూడా బయట కట్టెయ్యం.

సుధ: ఇక్కడ కుక్కలకి బూట్లు తొడిగి మరీ షికారుకి తీసుకెళ్తారు.

మాస్టారు: అది కుక్కల ఖర్మ. నా వ్యాయామం నేను చేసుకుంటూనే ఉన్నాను కదా. నా వల్ల నీకేం లోటొచ్చింది?

సుధ: నువ్వు ఇంట్లోనే ఉంటే పిల్లాడూ ఇంట్లోనే ఉంటున్నాడు. తాతయ్య వెళ్ళడం లేదుగా, నేనెందుకు వెళ్ళాలని అడుగుతున్నాడు. వాడికి ఎనిమిదేళ్ళు. వాడి బళ్ళో మామూలు చలికి విరామంలో లోపల కూర్చోనివ్వరు, కోటు తొడిగి బయటికి తోలేస్తారు. చలి మరీ ముదిరిన రోజున మాత్రమే లోపల.

మాస్టారు: ఆ ముదరడం ఎక్కడ మొదలవుతుందో ఎవరికి తెలుసు? టీవీవాడు ఒకసారి మైనస్ 15 అంటాడు, మళ్ళీ మైనస్ 26 లాగుంటుందంటాడు. ఏది నిజం?

సుధ: రెండూ నిజమే. మన ఒంటి వేడికి చర్మం చుట్టూ పలచగా ఓ వెచ్చటి గాలి పొర ఏర్పడుతుంది. గాలి వీస్తే ఆ పొర కొట్టుకుపోతుంది. మైనస్ 15లో గంటకి 30 కిలోమీటర్ల గాలి ఉంటే, గాలి లేని మైనస్ 26లో ఎంత వేడి పోతుందో ముఖం మీంచి అంత పోతుంది. అంతే లెక్క.

మాస్టారు: ఆ లెక్క కట్టినవాడెవడు?

సుధ: మొదట 1940లలో అంటార్కిటికాలో ఇద్దరు అమెరికన్లు. ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు పోసి బయట వేలాడదీసి, ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూశారు. మనిషి నీళ్ళ గొట్టం కాదు కదా. అందుకని 2001లో ఈ దేశంవాళ్ళూ అమెరికావాళ్ళూ కలిసి లెక్క మార్చారు. టొరంటోలో పన్నెండు మందిని చల్లగాలి సొరంగంలో ట్రెడ్‌మిల్లు మీద నడిపించి, వాళ్ళ ముఖాలకి సెన్సర్లు అంటించి చూశారు.

మాస్టారు: మనిషిని నడిపించి కొలిచారా? అది పద్ధతి. సరే, ప్రమాదం ఎక్కడ?

సుధ: ఈ గాలిచలి లెక్క మైనస్ 28 దాటితే, కప్పుకోని చర్మం పది నుంచి ముప్ఫై నిమిషాల్లో గడ్డకట్టొచ్చు. మైనస్ 40 దాటితే పది నిమిషాలు కూడా పట్టదు. రేపు గాలి తగ్గుతుంది.

(ఇక్కడ ఒక మాట. మైనస్ 20 దగ్గర మొదటిసారి ఊపిరి పీల్చినప్పుడు ముక్కులో వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకుని చిటపటమన్నట్టు ఉంటుంది. కళ్ళ నీళ్ళు రెప్పల దగ్గరే ఆగిపోతాయి. మామగారికి ఎయిర్‌పోర్టు నుంచి కారు దాకా నడిచిన ఆ కాసేపట్లో ఇదే జరిగింది. ఆ రోజు నుంచి ఆయనకి కెనడా అంటే ఆ ముక్కే.)

మాస్టారు: నేను అన్నీ వేసుకునే వచ్చాను ఆ రోజు. రెండు బనియన్లు, చొక్కా, స్వెట్టరు, శాలువా. అయినా వణికాను.

సుధ: ఆ రెండు బనియన్లే నీ కొంప ముంచాయి. నూలుబట్ట చెమట పీల్చుకుంటుంది, ఆరదు. తడిబట్ట ఒంటికంటుకుంటే గాలి కంటే నీరు పాతిక రెట్లు వేగంగా వేడి లాగేస్తుంది. విమానంలో చెమట పట్టింది, దిగగానే ఆ చెమటే నిన్ను వణికించింది.

మాస్టారు: నూలుబట్టకి మించింది లేదని నీకు చిన్నప్పట్నుంచీ చెప్పాను.

సుధ: విజయనగరంలో లేదు. అక్కడ చెమట ఆరడానికి టైముంటుంది. ఇక్కడ ఒంటికి ఆనుకుని సన్నటి ఉన్ని బనియను, లేకపోతే పాలిస్టరుది. దాని మీద వెచ్చదనానికో పొర, పైన గాలిని ఆపే కోటు. ఇంట్లోంచి బయటపడ్డ మొదటి ఐదు నిమిషాలు కాస్త చలేస్తేనే సరిగ్గా వేసుకున్నట్టు. గుమ్మంలోనే వెచ్చగా ఉంటే, కదలడం మొదలెట్టాక తడిసిపోతాం.

మాస్టారు: బయటికి పోవడానికి ఇంత శాస్త్రమా! మనకి మాత్రం చలి లేదా? లంబసింగిలో గడ్డి మీద మంచు పేరుకునే రోజులున్నాయి.

సుధ: అక్కడికి వెళ్ళినవాళ్ళు చేసేదేముంది నాన్నా? నెగడు చుట్టూ చేరి టీ తాగి, పొగమంచులో ఫొటోలు దిగి, తొమ్మిదింటికల్లా టిఫినుకి దిగిపోతారు. చలిని చూడ్డానికి వెళ్తాం మనం. చలిలో ఏదైనా చెయ్యడానికి కాదు.

మాస్టారు: చెయ్యకపోవడానికి కారణముంది. మీ టీవీలోనే చెప్పాడు, మంచు ఎత్తిపోస్తూ గుండె ఆగిపోయినవాళ్ళ గురించి. నాకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది. గుండె ఎక్కువ బలంతో కొట్టాలి. అప్పుడే వెళ్ళి పార పట్టి తడిమంచు ఎత్తుతారు. చేతులతో బరువు, ఊపిరి బిగబట్టడం, ముందు ఒళ్ళు వెచ్చబరుచుకోవడం అనేదే లేదు. ఏడాదంతా కుర్చీలో కూర్చున్నవాడు ఒక్క పొద్దుట పహిల్వాను అవుతాడు. చావక ఏమవుతాడు?

సుధ: ఇందులో నీతో పేచీ లేదు. క్యుబెక్‌లో ఏళ్ళ తరబడి ఆస్పత్రి రికార్డులు చూస్తే, మంచు బాగా కురిసిన మర్నాడు మగవాళ్ళకి గుండెపోట్లు ఎక్కువగా కనిపించాయి. ఆడవాళ్ళకి అలా కనిపించలేదు.

మాస్టారు: ఎందుకని?

సుధ: పార ఎవరు పడుతున్నారో చూడు.

(మా ఇంట్లో పార నేను పడతాను. ఈ మాట వినగానే మామగారు నా ప్లేటు వైపు చూసి నెయ్యి గిన్నె అవతలికి జరిపారు.)

సుధ: కానీ నాన్నా, అది చలి చేసిన పని ఒక్కటే కాదు. ఒళ్ళు కదలక కదలక ఒక్కసారి విరుచుకుపడటం చేసిన పని. కాలవ మీద జారేవాళ్ళు పార పట్టినవాళ్ళలా ఊపిరి బిగబట్టరు. నెమ్మదిగా మొదలెట్టి, ముక్కుకి మఫ్లరు అడ్డంగా కట్టుకుని, అలిసిపోతే ఆగుతారు. ఉబ్బసం ఉన్నవాళ్ళకి చల్లటి పొడిగాలి పడదు, వాళ్ళు మందు పీల్చుకునే బయల్దేరతారు.

మాస్టారు: ఆగుతారు సరే. ఆగితే చలి పట్టదూ?

సుధ: కాలవ పొడుగునా అక్కడక్కడ వెచ్చటి గుడిసెలుంటాయి. లోపల బల్లల మీద కూర్చుని కాళ్ళు కాచుకోవచ్చు. పిండిని పలచగా సాగదీసి నూనెలో వేయించి, దాల్చినచెక్క పొడీ పంచదారా జల్లి అమ్ముతారు. బీవర్‌టెయిల్ అంటారు. పిల్లాడు స్కేటింగుకి వస్తాడో దానికోసం వస్తాడో చెప్పలేను.

మాస్టారు: వ్యాయామం చేసి నూనెపిండి తినడం! ఇంతకీ ఆ కాలవ జారడానికే తవ్వారా?

సుధ: కాదు. అమెరికావాళ్ళు దండెత్తితే సరుకూ సైన్యమూ సురక్షితంగా తరలించడానికి. కర్నల్ జాన్ బై అనే ఇంజినీరు కట్టించాడు, 1832కి పూర్తయింది. ఆ యుద్ధం మాత్రం రాలేదు. 1971 జనవరిలో చలికాలపు స్కేటింగు దారిగా తెరిచారు. 7.8 కిలోమీటర్లు, ఊరి నడిమధ్య నుంచి. టిక్కెట్టు లేదు. వారం మధ్యలో పొద్దున్నే వెళ్ళి చూడు, వీపుకి ఆఫీసు బ్యాగు తగిలించుకుని జారుకుంటూ పనికి పోయేవాళ్ళు కనిపిస్తారు.

మాస్టారు: చూడమ్మా, నీ కాలవ గొప్పది కాదనను. నా మాట వేరు. వ్యాయామం మనిషి చేతిలో ఉండాలి. నా సూర్యనమస్కారాలకి కాలవ అక్కర్లేదు, జెండా అక్కర్లేదు. తూర్పు కిటికీ దగ్గర నిలబడతాను. వెలుతురుకి వెలుతురూ, విటమిన్ డీకి విటమిన్ డీ.

సుధ: ఆ అద్దంలోంచి విటమిన్ డీ రాదు నాన్నా. దాన్ని తయారుచేసే కిరణాలని గాజు ఆపేస్తుంది.

మాస్టారు: అంటే బయట నిలబడితే వస్తుందన్నమాట.

(సుధ ఇక్కడ ఓ ముద్ద ఎక్కువసేపు నమిలింది.)

సుధ: రాదు.

మాస్టారు: ఆఁ?

సుధ: మనమున్నది ఉత్తరాన 45వ అక్షాంశం మీద. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సూర్యుడు మరీ వాలుగా ఉంటాడు. ఆ కిరణాలు పైనున్న ఓజోన్‌లోనే ఇంకిపోతాయి. బట్టలిప్పి నిలబడినా చర్మం చెయ్యగలిగేది దాదాపు సున్నా. అందుకే ఈ దేశంలో పాలల్లో విటమిన్ డీ కలపడం చట్టమే చేశారు. నీకు నేను రోజూ ఇచ్చే చుక్కలూ అవే.

మాస్టారు: మరి బయటికి వెళ్ళి లాభమేంటి? సూర్యుడి పేరు చెప్పి నన్ను లాక్కెళ్ళాలనుకున్నావు, ఆ సూర్యుడు నీ వైపు సాక్ష్యం చెప్పడం లేదు.

సుధ: విటమిన్ వేరు, వెలుతురు వేరు. ఇంట్లో ఎన్ని దీపాలు వేసినా మూడొందలు, ఐదొందల లక్సులు దాటదు. బయట మబ్బు పట్టిన రోజున కూడా కొన్ని వేల లక్సులుంటుంది. కొత్తగా పడ్డ మంచు మీద పడ్డ వెలుగులో నూటికి ఎనభై వంతులు తిరిగి పైకే కొడుతుంది. ఆ వెలుతురు కంట్లో పడితేనే ఒంట్లో గడియారం సరిగా తిరుగుతుంది. నువ్వు మధ్యాహ్నం రెండింటికి కునుకు తీస్తున్నావు, రాత్రి రెండింటికి లేచి వంటింట్లో దీపం వేస్తున్నావు. ఇంకా జెట్‌లాగ్ అంటావేమో, వచ్చి ఎన్నాళ్ళయింది?

మాస్టారు: వయసు.

సుధ: ఊళ్ళో ఇదే వయసుతో తొమ్మిదిన్నరకి పడుకునేవాడివి. డిసెంబరు చివర్లో ఇక్కడ పగలు తొమ్మిది గంటలు కూడా ఉండదు, మన ఊళ్ళో పదకొండు. చలికాలపు దిగులు అనే జబ్బుకి పేరు పెట్టి, లక్షణాలు రాసింది నార్మన్ రోజెంతాల్ అనే డాక్టరు, 1984లో. ఆయన ఇక్కడివాడు కాదు, దక్షిణాఫ్రికా నుంచి అమెరికా వచ్చినవాడు. ఎండలో పెరిగినవాడు కాబట్టి చలికాలంలో తనకే ఏదో తగ్గుతోందని పసిగట్టాడు. మొన్న నువ్వు ఫోనులో చిన్నాన్నతో, ఏం చెయ్యబుద్ధి కావట్లేదురా అన్నావు. విన్నాను.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు. సుధ ఈ మాట అందరి ముందూ అనకుండా ఉండాల్సిందేమో. మామగారు నీళ్ళు తాగి, గ్లాసు పెట్టి, దారి మార్చారు. ఓడిపోతున్న బండిని పక్క రోడ్డుకి తిప్పడం ఆయనకి బాగా తెలుసు.)

మాస్టారు: మా విజయనగరంలో కోడి రామమూర్తి నాయుడు గారుండేవారు. 1882లో పుట్టారు. గుండెల మీద ఏనుగుని ఎక్కించుకున్న మనిషి. బళ్ళో వ్యాయామం నేర్పించిన మాస్టారే ముందు, సర్కసు తర్వాత. ఆయన తాలింఖానాలో పెరిగారు. నాలుగు గోడలు, మెత్తటి మన్ను, గురువు. మంచు లేదు, స్కీలు లేవు. క్రమశిక్షణ ఉంది.

సుధ: ఈ దేశంలో హెర్మన్ స్మిత్ జోహాన్సెన్ అని ఒకాయన. జాక్‌రాబిట్ అనేవాళ్ళు. 1875లో నార్వేలో పుట్టి ఇక్కడికొచ్చి, మనుషులకి మంచు మీద స్కీయింగు దారులు వేసిపెట్టాడు. నూరేళ్ళు దాటాక కూడా స్కీలు వేసుకున్నాడు. 1987లో పోయాడు, 111 ఏళ్ళకి.

మాస్టారు: ఒక్కడు బతికాడని అందరూ మంచులో పడాలా? మా పెద్దనాన్న చుట్ట కాలుస్తూ తొంభై దాకా బతికాడు. చుట్ట కాల్చమని నేను పిల్లలకి చెప్పలేదు.

(ఈ దెబ్బ మాస్టారిది. ఏనుగుని ముందు తెచ్చింది ఆయనే అన్న సంగతి సుధకి తట్టలేదు, నేను అందివ్వలేదు.)

సుధ: సరే, ఆయన్ని పక్కన పెడదాం. నా ప్రశ్న ఒకటే. నీ డ్రిల్లు పీరియడులో కడుపునొప్పి రాని పిల్లాడున్నాడా? నాకే వచ్చేది, నీ కూతుర్ని. అదే పిల్లలు సాయంత్రం కబడ్డీ గీతలు గీసుకుంటే, చీకటి పడి మనిషి మనిషికి కనపడకపోయినా పోయేవాళ్ళు కాదు. నువ్వే విజిలేసి తరిమేవాడివి. ఒళ్ళు దేనికి ఎక్కువ కదిలింది? డ్రిల్లుకా, కబడ్డీకా?

మాస్టారు: కబడ్డీలో కూత పెట్టడానికి ఊపిరి ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావు? పట్టు పట్టినప్పుడు మోకాలు తిరగకుండా ఆపిందేమిటి? పొద్దున్న ఏడ్చుకుంటూ తీసిన బస్కీలు. ఆట వేరు, కసరత్తు వేరు. ఆట ఖర్చు పెడుతుంది, కసరత్తు కూడబెడుతుంది. కూడబెట్టకుండా ఖర్చు పెట్టినవాళ్ళే జిల్లా పోటీల్లో కాలు పట్టుకుని కూలబడేవాళ్ళు.

సుధ: పోటీలకి వెళ్ళేవాళ్ళు ఎంతమంది నాన్నా? క్లాసుకి ఇద్దరు. మిగతావాళ్ళని ఇప్పుడు చూడు. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో సగం మందికి షుగరు. డ్రిల్లు అందరికీ నేర్పావు. బడి వదిలాక ఒక్కడైనా దండాలు తీస్తున్నాడా? కసరత్తంటే వాళ్ళకి విజిలు, ఎండ, వరస తప్పితే బెత్తం. డాక్టరు చెప్పాక వాకింగుకి పోతున్నారు, అదీ ఫోనులో అడుగులు లెక్కపెట్టుకుంటూ. ఇష్టమైన ఆట ఒక్కటి మిగిలి ఉంటే డాక్టరు చెప్పేదాకా ఆగేవాళ్ళు కాదు.

మాస్టారు: బెత్తం నేను వాడలేదు.

సుధ: నువ్వు వాడలేదు. నీ విజిలు చాలు.

మాస్టారు: సరదా ఉంటే మనిషి చేస్తాడంటావు. నేనొప్పుకోను. సరదా తీరిపోతుంది. అలవాటు తీరదు. మీ గ్యారేజీలో రెండు జతల స్కీలున్నాయి, బూజు పట్టి. అవి కొన్న రోజున సరదా ఎంతుందో నువ్వే చెప్పు.

(ఆ స్కీలలో ఒక జత నాది. కొన్నప్పుడు సరదా చాలానే ఉంది.)

సుధ: అవి ఆయనవి. ఆయన సరదా కోసం కొనలేదు, ఒళ్ళు తగ్గించుకోవాలని కొన్నారు. అందుకే బూజు పట్టాయి. నా స్కేట్లు చూడు, ఏటా సాన పట్టించుకుంటాను. జారేటప్పుడు ఈ కొలతలూ లెక్కలూ నాకు గుర్తుండవు. పొద్దున్నే జనం రాకముందు కాలవ మీద మంచు నున్నగా ఉంటుంది. నాలుగడుగులు తోసి ఊరుకుంటే అదే పోతూ ఉంటుంది, బ్లేడు కింద సన్నగా గీస్తున్న చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. మర్నాడు తొడలు నొప్పెడితే అప్పుడు తెలుస్తుంది, ఎంత దూరం పోయానో.

మాస్టారు: తొడల్లో ఎక్కడ నొప్పి?

సుధ: పక్కన. తుంటి కింద.

మాస్టారు: అంటే కాలు వెనక్కి తన్నరు, పక్కకి తోస్తారన్నమాట.

సుధ: అవును. పక్కకి, కాస్త వెనక్కి. మోకాలు వంచి ఉంచాలి. నిటారుగా నిలబడ్డవాడే పడతాడు.

మాస్టారు: ఊఁ. నడకలో ఆ కండకి ఇంత పని ఉండదు. ముసలాళ్ళు తూలిపడేది సగం ఆ కండ సడలిపోయే. ఆగడం ఎలా?

సుధ: మడమలు బయటికి తోసి, బ్లేళ్ళని ముందు దగ్గర చేస్తే మంచు గీరుకుని ఆగుతాం. కానీ ముందు నేర్పేది ఆగడం కాదు. పడటం. పక్కకి, పిరుదు మీదికి, చేతులు చాపకుండా. చెయ్యి చాపితే మణికట్టు విరుగుతుంది.

మాస్టారు: కుస్తీలోనూ పడటమే మొదటి పాఠం. ఈ దేశంవాళ్ళకీ ఆపాటి బుద్ధి ఉంది, మంచిదే. కానీ నన్ను బ్లేళ్ళ మీద ఎక్కించాలని చూడకు. నా వయసులో తుంటి విరిగితే మళ్ళీ లేవడం వేరే కథ. నా ట్రావెల్ ఇన్సూరెన్సు కాగితం నేను చదివాను. పాత జబ్బులకి ఇవ్వం అని చిన్నక్షరాల్లో ఉంది. నాకు బీపీ ఉంది. రేపు నేను పడితే, బీపీకి కళ్ళు తిరిగి పడ్డాడంటారు వాళ్ళు. ఇక్కడి ఆస్పత్రి బిల్లు నీ జీతంలో కట్టగలవా?

సుధ: అది నిజమే.

(ఆవిడ 'అది నిజమే' అనడం నేను అరుదుగా విన్నాను. ఇక్కడ పెద్దవాళ్ళని పిలిపించుకున్న ప్రతి ఇంట్లోనూ ఈ లెక్క నడుస్తుంది. వాళ్ళు గుమ్మం దాటకపోవడానికి చలి సగం కారణమైతే, బిల్లు భయం మిగతా సగం. పైకి మాత్రం చలి పేరే చెబుతారు.)

మాస్టారు: ఇంకో సంగతి. పక్కింటాయన చెప్పాడు, ఒక చలికాలం కాలవ అసలు తెరవనే లేదట.

సుధ: 2022–23లో. అన్నేళ్ళలో అదే మొదటిసారి. కాలవ మీద జనం, పైగా మంచు ఊడ్చే బళ్ళు కూడా తిరగాలి కాబట్టి మంచు ముప్ఫై సెంటీమీటర్ల మందం ఉండాలంటారు. గట్టి మంచు, బుడగలు లేనిది. ఆ ఏడు చలి సరిగ్గా పడలేదు, వాన పడింది. మరుసటి ఏడు తెరిచారు గానీ కొద్ది రోజులే.

మాస్టారు: మరి ఆ ఏడు ఏం చేశావు?

సుధ: ఏం చేస్తాను? ఎర్రజెండా చూసి చూసి వచ్చేదాన్ని.

మాస్టారు: అదీ నేను చెప్పేది. నీ ఆట వాతావరణం దయ మీద నడుస్తుంది. ఆ దయ ఏటేటా తగ్గుతోంది. నా బస్కీలకి ఎర్రజెండా ఉండదు. ఈ పిల్లాడు నా వయసుకి వచ్చేసరికి ఆ కాలవ గడ్డకడుతుందో లేదో. వాడికి జారడం ఒక్కటే నేర్పితే, ఆ రోజున వాడికి మిగిలేదేమిటి?

సుధ: గడ్డకట్టే రోజులు తగ్గుతున్నాయి కాబట్టే రేపు వెళ్దామంటున్నాను. బస్కీలు ఎప్పుడైనా తియ్యొచ్చని నువ్వే అంటున్నావుగా. వాడు జారడం ఇప్పుడు నేర్చుకోవాలి.

(ఈ మాటకి మామగారి దగ్గర వెంటనే జవాబు లేదు. నాకు మాత్రం రేపటి లేసులు గుర్తొచ్చాయి. పిల్లాడి స్కేట్లకి లేసు కట్టడం మా ఇంట్లో నా ఉద్యోగం. వేళ్ళ దగ్గర వదులు, మడమ మలుపు దగ్గర పట్టి లాగాలి, పైన మళ్ళీ కాస్త వదులు. చేతి తొడుగులుంటే ముడి పడదు, తీస్తే రెండు నిమిషాల్లో వేళ్ళు నావి కావు. వాడేమో ఈలోపల బల్ల మీద కూర్చుని రెండో కాలితో మంచుని తన్నుతూ ఉంటాడు. ఆరోగ్యం, ఆనందం అని చర్చ పెట్టేవాళ్ళెవరూ ఈ లేసుల సంగతి రాయరు.)

మాస్టారు: నదికి అవతల కొండల్లో ఏదో పార్కు అన్నావు, ఎప్పుడో?

సుధ: గాటినో పార్కు. వంతెన దాటితే క్యుబెక్. అక్కడ క్రాస్ కంట్రీ స్కీయింగు దారులే రెండొందల కిలోమీటర్ల దాకా ఉంటాయి. నీకు స్కీలు వద్దు. మంచుబూట్లున్నాయి, కింద వెడల్పు చట్రంతో. బరువు పరుచుకుంటుంది కాబట్టి కాలు కూరుకుపోదు. వందల ఏళ్ళుగా ఇక్కడి ఆదివాసులు వేటకీ ప్రయాణానికీ వాడినవే. నేర్చుకునేదేమీ లేదు, కాళ్ళు కాస్త ఎడంగా వేసి నడవడమే. పడ్డా మెత్తటి మంచు. మామూలు నడక కంటే రెట్టింపు ఆయాసం వస్తుంది, కాబట్టి సగం దూరం చాలు.

మాస్టారు: నడకా?

సుధ: నడకే.

మాస్టారు: నడకకి నేనెప్పుడు అడ్డం చెప్పాను?

సుధ: వచ్చిన దగ్గర్నుంచీ.

మాస్టారు: అది ముక్కు గురించి. సరే, షరతులు చెబుతాను, విను. రేపు కాలవకి వస్తాను. బ్లేళ్ళు తొడగను. బూట్ల కింద ముళ్ళ పట్టీలు వేసుకుని అంచు వెంట నడుస్తాను. నడుస్తూ ఉంటాను, మీకోసం ఒకచోట నిలబడి చూడను. నిలబడితేనే చలి. బీపీ మాత్ర వేసుకునే వస్తాను. గాలి లేస్తే గుడిసెలోకి పోతాను, అప్పుడు ఇంకొక్క రౌండు అని బతిమాలకూడదు.

సుధ: ఒప్పుకున్నాను. నూలు బనియను తియ్యాలి.

మాస్టారు: తీస్తాను. మంకీ క్యాప్ తియ్యను.

సుధ: తియ్యమని ఎవరన్నారు? చెవులూ మెడా గడ్డమూ కప్పేది అంతకంటే ఏముంది? ఇక్కడ స్కీ కొట్లలో దాన్నే వేలాడదీసి ముప్ఫై డాలర్లకి అమ్ముతారు. ఒక్కటే గుర్తుంచుకో, నోటి దగ్గర తడైతే తిప్పి వేసుకోవాలి.

మాస్టారు: ఇంకో షరతు. పిల్లాడు స్కేట్లు తొడిగే ముందు గుడిసెలో ఒళ్ళు వెచ్చబరుచుకోవాలి. ఇరవై బస్కీలు. నేను లెక్కపెడతాను.

సుధ: నాన్నా, వాడు ఆడుకోవడానికి వస్తున్నాడు.

మాస్టారు: ఆడుకోవడానికే.

సుధ: అందరి ముందూ బస్కీలంటే వాడు రానంటాడు. ఐదు.

మాస్టారు: పదిహేను.

సుధ: పది. విజిలు ఇంట్లో వదిలెయ్యాలి.

మాస్టారు: పన్నెండు. విజిలు జేబులో ఉంటుంది, ఊదను.